వ్యూ ఉన్న స్థలం, తీగ మీద కోతి

సంపాదకులకు,

అమెరికాలో ఉన్న మనవాళ్ల మాటల్లో ఈమధ్య కోస్టారికా తరచు వినబడుతోంది. హ్యూస్టన్‌లో విమానమెక్కితే దాదాపు నాలుగు గంటల్లో లైబీరియాలో దిగొచ్చు. ఆఫ్రికాలోని దేశం కాదు, కోస్టారికా వాయవ్యాన ఉన్న ఊరు. సెలవులకు వెళ్లొచ్చినవాళ్లలో కొందరు అక్కడే స్థలం కొని ఇల్లు కట్టి, తాము లేనప్పుడు అద్దెకిస్తే గిట్టుబాటవుతుందా అని లెక్కలు వేస్తున్నారు. ఆ లెక్కల్లో రేటు, అద్దె, పన్ను అన్నీ ఉంటాయి. అడవి మాత్రం 'వ్యూ' అనే పద్దు కింద తప్ప ఎక్కడా కనబడదు. ఆ అడవి సంగతే ఈ ఉత్తరం.

అక్కడ విదేశీయుడు భూమి కొనడం తప్పు కాదు. రిజిస్టరైన పట్టా భూమిపై పౌరుడికెంత హక్కుందో విదేశీయుడికీ అంతే. మన దేశంలో వ్యవసాయ భూమి వారసత్వంగా రావలసిందే తప్ప ఎన్నారై కొనడానికి వీల్లేదు. అక్కడ ఆ అడ్డు లేదు. పైగా పెట్టుబడి చూపి నివాస అనుమతి పొందడానికి కావలసిన మొత్తాన్ని 2021లో 2 లక్షల డాలర్ల నుంచి లక్షన్నరకు తగ్గించారు. ఇల్లు కొన్నా ఆ లెక్కలోకే వస్తుంది. అదే ఏడాది, నెలకు 3,000 డాలర్ల ఆదాయం చూపగలిగి, ల్యాప్‌టాప్ మీద పనిచేసుకునేవాళ్ల కోసం విడిగా ఒక చట్టం చేశారు. తలుపు బార్లా తెరిచే ఉంది.

విదేశీయులు వచ్చాకే అడవి పోయిందనడం కూడా చరిత్ర తెలియని మాట. 1960, 70ల్లో అడవులను నరికింది ఎక్కువగా పశువుల మేత బీళ్ల కోసం. ఆ మాంసంలో చాలా భాగం అమెరికా హాంబర్గర్లలోకే వెళ్లింది. 1996లో 7575 నంబరు అటవీ చట్టం వచ్చి, అడవిని మరో వాడకానికి మార్చడాన్ని నిషేధించింది. మరుసటి ఏడాది నుంచి అడవిని నిలిపినవాళ్లకు ప్రభుత్వం డబ్బు చెల్లించడం మొదలైంది. మాంసం ధర పడిపోయి వదిలేసిన బీళ్లలో చెట్లు తిరిగి లేచాయి. ఇవాళ దేశంలో సగానికి పైగా అడవే. ఆ తిరిగొచ్చిన అడవికి వచ్చిన అందమే ఇప్పుడు చదరపు మీటరు లెక్కన అమ్ముడుపోతోంది.

రక్షించినవాళ్లలోనూ విదేశీయులున్నారు. 1951లో అలబామా నుంచి వచ్చిన క్వేకర్ అనే క్రైస్తవ శాఖ కుటుంబాలు మోంతెవెర్దెలో పాడి కోసం భూమి కొని, అందులో మూడో వంతుకు పైగా, దాదాపు 550 హెక్టార్లు, తమ వాగు ఎండకూడదని నరకకుండా వదిలేశాయి. స్వీడన్‌కు చెందిన ఓలోఫ్ వెస్‌బెర్గ్, ఆయన భార్య కారెన్ మోగెన్సెన్ పట్టుబట్టి తిరిగినందువల్లే 1963లో కాబో బ్లాంకో రక్షిత ప్రాంతమైంది. ఓసా ద్వీపకల్పాన్ని కాపాడాలని బయల్దేరిన వెస్‌బెర్గ్‌ను 1975లో అక్కడే చంపేశారు. ఓసాలో కోర్కొవాదో జాతీయ పార్కు ఏర్పడింది ఆ ఏడాదే. కాబట్టి కొన్నవాడి పాస్‌పోర్టు ఏ రంగన్నది అడవికి పట్టదు. కొన్నాక ఏం చేశాడన్నదే పడుతుంది.

అడవికి దెబ్బ ఇంటి గోడల వల్ల తగిలేది కొంతే. ఇంటికోసం వేసే దారి, లాగే కరెంటు, తోడే నీళ్లు, పెట్టే దీపం వల్లే ఎక్కువ. కొనేవాడు సంతకం పెట్టేది ఇంటి ప్లాను మీద. మిగతావన్నీ కాంట్రాక్టరు చేతిలో వదిలేస్తాడు.

ముందు కరెంటు. నికోయా ద్వీపకల్పంలోని నొసారా దీనికి మంచి ఉదాహరణ. అక్కడి బీచ్ వెంట 200 మీటర్ల పట్టీ ఓస్తియొనాల్ వన్యప్రాణి రక్షిత ప్రాంతంలో ఉంది. అందుకే సముద్రంలోంచి చూస్తే హోటళ్లు కనబడవు, చెట్లే కనబడతాయి. చట్టం అంతవరకు పనిచేసింది. పట్టీ వెనక కొండవాలంతా విదేశీయుల ఇళ్లు, వాటి మధ్య స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్లు. ఆ చెట్లలోనే హౌలర్ కోతులుంటాయి, స్థానికులు 'కొంగో' అని పిలిచేవి. తెల్లవారుజామున వాటి అరుపు కిలోమీటర్ల దూరం వినబడుతుంది. పది, ఇరవై కలిసి గుంపుగా కొమ్మ మీద నుంచి కొమ్మ మీదికి సాగుతాయి, అవసరమైతే తప్ప నేల మీదికి దిగవు. మధ్యలో ఒక చెట్టు కొట్టేస్తే మిగిలే దారి తీగే.

ఒక్క తీగ మీద నడిచినంతసేపు కోతికేమీ కాదు. ప్రాణం పోయేది రెండు చోట్ల. ఒకటి, తోక ఒక తీగకూ చెయ్యి ఇంకో తీగకూ తగిలినప్పుడు. రెండోదీ ఎక్కువ ప్రమాదకరమైనదీ ట్రాన్స్‌ఫార్మర్. దాని ఇనుప డబ్బా భూమికి ఎర్త్ అయి ఉంటుంది. పైన బుషింగ్ అనే పింగాణీ గొట్టంలోంచి వేల వోల్టుల తీగ దిగుతుంది. రెంటికీ మధ్య జానెడు, మూరెడు దూరం. డబ్బా మీద కూర్చున్న కోతి బుషింగ్‌ను ముట్టుకుంటే చాలు. తల్లి చనిపోయి, దాని వీపును కరుచుకున్న పిల్ల కాలిన చేతులతో బతికి ఉండటం రక్షణ కేంద్రాలవాళ్లకు అలవాటైన దృశ్యం.

ఇందులో కొనేవాడి పాత్ర ఏమిటంటారా? రోడ్డు పక్క లైను విద్యుత్ సంస్థది. స్థలం లోపలికి లాగే లైను, స్తంభాలు, చాలాసార్లు ట్రాన్స్‌ఫార్మర్ కూడా యజమాని ఖర్చు. వ్యూ కోసం ఇంటిని స్థలం చివర, కొండ అంచున పెడతారు. ఇళ్లకొచ్చే 120/240 వోల్టుల కరెంటు దూరం పెరిగేకొద్దీ పడిపోతుంది. వంద మీటర్లు దాటితే బాగా లావు కేబుల్ కావాలి, అది ఖరీదు. అందుకని కాంట్రాక్టరు హైవోల్టేజి లైనునే చెట్ల మధ్యగా ఇంటిదాకా లాగి, ట్రాన్స్‌ఫార్మర్‌ను వంటింటి వెనక బిగిస్తాడు. తొడుగు లేని తీగ చవక. అలా ఒక్క ఇంటికోసం అడవిలోకి కొత్తగా ప్రాణాలు తీసే లైను వస్తుంది.

ఇంటిని రోడ్డుకు దగ్గరగా జరిపి, ట్రాన్స్‌ఫార్మర్‌ను రోడ్డు పక్కనే ఉంచి, అక్కడి నుంచి తక్కువ వోల్టేజి కేబుల్‌ను భూమిలోంచి తీసుకెళ్లడమే అన్నింటికన్నా మేలు. అది కుదరకపోతే బుషింగ్‌కు టోపీ, దిగే తీగకు తొడుగు వేయించాలి, లైనుకు రెండు వైపులా కొమ్మలు దూరంగా కొట్టించాలి. ఒక వైపే కొట్టిస్తే రెండో వైపు నుంచి ఎక్కుతాయి. తొడుగు వేశాం కదా అని నిశ్చింతగా కూర్చోకూడదు. హైవోల్టేజి తీగ మీది తొడుగు ముట్టుకున్నా ఫరవాలేదనే హామీ ఇవ్వదు, క్లాంపుల దగ్గర అసలుండదు, ఎండకు కొన్నేళ్లలో పగులుతుంది. తాడు వంతెన కట్టిస్తే దాన్ని స్తంభానికి కట్టకూడదు, రెండు చెట్ల మధ్య కట్టాలి. అదీ కోతులు పాతకాలం నుంచి దాటే చోటే కట్టాలి. మనకు వీలైన చోట కట్టి, అవి వాడటం లేదని వాపోతే లాభం లేదు.

తర్వాత మట్టి. దక్షిణాన దొమినికాల్, ఉవీతా, ఒహోచాల్ కొండల మీద తీర రహదారి బాగుపడ్డాక సముద్రం కనిపించే ప్లాట్ల అమ్మకం ఊపందుకుంది. అక్కడ ఏటా కురిసేది 3,000 మిల్లీమీటర్లకు తక్కువ కాదు. ఒక లెక్క చూడండి. 30 శాతం వాలులో 30 మీటర్ల పొడవు, వాలు వెంట 20 మీటర్ల వెడల్పున ఇంటి చదును చేయాలి. ఎర్రమట్టి వానకు నిలవదు కాబట్టి సగం తవ్వి సగం నింపే పద్ధతి పనికిరాదు, మొత్తం తవ్వాల్సిందే. వెనక గోడ ఎత్తు 6 మీటర్లవుతుంది. తవ్విన మట్టి 1,800 ఘనపు మీటర్లు, అంటే 12 ఘనపు మీటర్ల టిప్పర్లు 150. తవ్వాక గుల్లబారి ఇంకా పెరుగుతుంది. ఇంత మట్టిని కొండ దిగి ఎవడు మోస్తాడు? కిందికి తోసేస్తారు. మొదటి పెద్ద వానకు అది వాగులోకి, వాగులోంచి తెర్రాబా-సియెర్పె మడ అడవుల్లోకి, మరీనో బయేనా సముద్ర పార్కులోని పగడాల మీదికి చేరుతుంది. ఇది ఇల్లు కాకముందే, దారి వేయకముందే. దారికి ఇంతకన్నా ఎక్కువ మట్టి లేస్తుంది. పక్క కాలువలు లేని కొండదారి రెండు వానాకాలాల్లో తానే వాగైపోతుంది.

ఆ కొండల గుండానే బెయర్డ్స్ టేపిర్ అనే జంతువు తిరిగే దారి ఒకటుంది. ఓసా అడవులకూ ఉత్తరాన ఉన్న పర్వతాలకూ మధ్య 'పాసో దె లా దాంతా' అనే జీవ కారిడార్. దాంతా అంటే టేపిరే. బాగా ఎదిగిన గేదె దూడంత ఉండే ఈ జంతువు రాత్రిపూట వాగుల వెంట నడుస్తుంది. చుట్టూ ప్రహరీ, సెక్యూరిటీ కంచె కట్టిన పది ప్లాట్లు వరుసగా ఉంటే దాని దారి అక్కడితో ఆఖరు. కంచె తప్పదనుకుంటే ఇంటి చుట్టూ మాత్రమే వేసుకోండి, స్థలం హద్దు వెంట వద్దు. వాగు పక్కన ఎలాగూ కట్టడానికి వీల్లేదు. అటవీ చట్టం 33వ సెక్షన్ ప్రకారం ఊట చుట్టూ 100 మీటర్లు, చదును నేలలో వాగుకు ఇరువైపులా గ్రామాల్లో 15, పట్టణాల్లో 10 మీటర్లు, వాలు నేలలో 50 మీటర్లు వదలాలి. వాలు నేలలో వాగున్న స్థలం కొనేముందు ఈ 50 మీటర్లను సర్వే ప్లాను మీద గీసి చూడండి. కొన్ని స్థలాల్లో ఇల్లు కట్టే చోటే మిగలదు.

ఇక అడవి అన్న మాటకే వద్దాం. చట్టం లెక్కలో అడవి అంటే రెండు హెక్టార్లు అంతకు మించి, 70 శాతానికి పైగా చెట్ల నీడ, హెక్టారుకు 15 సెంటీమీటర్ల లావు పైబడిన చెట్లు 60కి మించి ఉండాలి. అంకెలున్న చోట ఎత్తుగడలూ ఉంటాయి. ముందు కింది పొదలను, లేత మొక్కలను శుభ్రం చేస్తారు. దానికి అక్కడ 'సొకొలా' అని పేరు. పెద్ద చెట్లు అలాగే ఉంటాయి కనుక ఎవరూ పట్టించుకోరు. రెండేళ్లు గడిచేసరికి కొన్ని ఎండిపోతాయి, గడ్డి పెరుగుతుంది, రెండు ఆవులను వదులుతారు, ఇది మేతబీడని చూపిస్తారు. తర్వాత దాన్ని చిన్న చిన్న 'వ్యవసాయ' ముక్కలు చేస్తారు. ముక్కలో 15 శాతం మించి కట్టకూడదన్న షరతు కాగితం మీద ఉంటుంది. హైదరాబాద్ చుట్టూ గుంటల లెక్కన ఫామ్ ప్లాట్లు అమ్మే తీరు చూసినవాళ్లకు ఈ కథ విడమరచి చెప్పనక్కర్లేదు.

అడవి ఉన్న భూమిలోనూ యజమాని ఇల్లు, దారి కట్టుకోవడానికి అనుమతితో మినహాయింపు ఉంది. అది ఒక కుటుంబానికి సరిపోయే మినహాయింపు. ముప్పై ముక్కలకు ముప్పైసార్లు వాడితే మిగిలేది తోట. ఒక్కో ఇంటికి విడివిడిగా అనుమతి అడిగినప్పుడు పర్యావరణ సంస్థ సెతెనా ముందు కనబడేది ఒక చిన్న ఇల్లే. ఎస్తెరియోస్ ఓస్తె దగ్గర 39 హెక్టార్ల లాస్ ఓలాస్ ప్రాజెక్టులో వివాదం వచ్చింది ఇలాంటి ముక్కల అనుమతులు, చిత్తడి నేలల గురించే. అమెరికన్ పెట్టుబడిదారు డేవిడ్ ఆవెన్, ఆయన భాగస్వాములు కోస్టారికా ప్రభుత్వం మీద అంతర్జాతీయ మధ్యవర్తిత్వానికి వెళ్లి 2018లో ఓడిపోయారు. అధికారులు అనుమతి ఇచ్చారు కదా అన్న వాదన వాళ్లను కాపాడలేదు.

దీనికి వ్యతిరేకంగా, కొన్నవాళ్లు గెలిచిన కేసూ ఉంది. ప్లాయా గ్రాందే బీచ్ లెదర్‌బ్యాక్ తాబేళ్ల చోటు. 1988-89 సీజన్లో అక్కడ గుడ్లు పెట్టడానికి వచ్చిన ఆడ తాబేళ్లు 1,367. పదేళ్ల తర్వాత 117. ప్రధాన కారణాలు గుడ్ల దొంగతనం, సముద్రంలో చేపల వలలు, గాలాలు. నేరమంతా ఇళ్ల మీద రుద్దడం న్యాయం కాదు. అయితే మిగిలిన ఆ కొద్ది తాబేళ్లకు చీకటి బీచ్ కావాలి. అందుకని 1991లో తీరం వెంట 125 మీటర్ల పట్టీని లాస్ బౌలాస్ జాతీయ పార్కులో చేర్చారు. 1995లో దాన్ని చట్టంగా రాసేటప్పుడు ఆ 125 మీటర్లు 'నీటి వైపుకు' అని పడింది. ఆ ఒక్క మాటతో పట్టీ నేల మీద ఉందా, సముద్రంలో ఉందా అన్న తగవు మొదలైంది, ఈలోగా స్థలాలు చేతులు మారాయి. పార్కు కోసం భూములు తీసుకోబోతే జర్మన్ దంపతులు ఉంగ్లావ్‌బె కేసు వేశారు. 2012లో ప్రపంచ బ్యాంకు అనుబంధ మధ్యవర్తిత్వ కేంద్రంలో వాళ్లకు 31 లక్షల డాలర్లు, వడ్డీ ఇవ్వాలని తీర్పొచ్చింది. విదేశీ కొనుగోలుదారుకు స్థానికుడికి లేని ఈ రెండో కోర్టు ఉంది. ఒక చిన్న దేశం ఓ బీచ్‌ను కాపాడాలనుకుంటే ముందు ఆ ఖర్చు లెక్కేసుకోవలసి వస్తోంది.

తీరంలో దీపాల సంగతి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. గుడ్డులోంచి వచ్చిన పిల్ల తాబేలు అన్నింటికన్నా వెలుగున్న దిక్కుకు పాకుతుంది. సహజంగా అది సముద్రం. బాల్కనీలో తెల్ల ఎల్‌ఈడీ వెలిగితే అదే సముద్రమవుతుంది. తెల్లారేసరికి పీతలు, పక్షులు, ఎండ దాని పని చూస్తాయి. దీపాలు కింద, మోకాలి ఎత్తులో ఉండాలి. పైకీ పక్కలకూ వెలుగు పోకుండా మూత ఉండాలి. రంగు ఎరుపో ముదురు నారింజో కావాలి. మామూలు బల్బుకు ఎర్ర కాగితం చుట్టడం పనికిరాదు, నీలి వెలుగు కొంత బయటికి పోతూనే ఉంటుంది. గదిలో దీపానికి కర్టెన్ చాలు. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా గుడ్లు పెట్టే కాలం, పొదగడానికి మరో రెండు నెలలు. మంచి అద్దె వచ్చే సీజను కూడా అదే. కాబట్టి యజమాని పాటించినా అతిథులు పాటించరు. బయటి తెల్ల దీపాలు అసలు బిగించకపోవడమే మార్గం.

తీరం ప్రస్తావన వచ్చింది గనక మరో మాట. 1977 నాటి చట్టం ప్రకారం అధిక ఆటుపోటు గీత నుంచి 200 మీటర్లు ప్రభుత్వానివి. మొదటి 50 మీటర్లలో ఎవరూ కట్టకూడదు. తర్వాతి 150లో మున్సిపాలిటీ లీజు మాత్రమే ఇస్తుంది. ఐదేళ్ల నివాసం లేని విదేశీయుడికి అదీ రాదు. కంపెనీ పెడితే కనీసం సగం వాటా కోస్టారికా పౌరులది ఉండాలి. దీనికి దొడ్డిదారి మనకు తెలిసిందే, వాళ్లు 'ప్రెస్తనోంబ్రె' అంటారు, మనం బినామీ అంటాం. లీజు రద్దయినప్పుడు ఆ సగం వాటా మనిషి పక్కకు తప్పుకుంటాడు, డబ్బు పెట్టినవాడు మిగులుతాడు.

ఇక నీళ్లు. వాయవ్యాన ఉన్న గ్వానకాస్తే ప్రాంతంలో డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా వాన దాదాపు ఉండదు. 8 మీటర్లు, 4 మీటర్ల ఈతకొలను సగటున మీటరున్నర లోతైతే 48 వేల లీటర్లు. ఆ గాలికి, ఎండకు రోజుకు 7 మిల్లీమీటర్లు ఆవిరవుతుందనుకుంటే రోజూ 224 లీటర్లు, ఐదు నెలల్లో 33 వేల పైమాటే. కొలను నింపడం ఒకసారే కదా అనేవాళ్లు ఈ రెండో లెక్క వేయరు. 2008లో సర్దినాల్ ఊరి భూగర్భ జలాన్ని పైపులైనుతో బీచ్ ప్రాజెక్టులకు తీసుకెళ్లబోతే ఊరు రోడ్డెక్కింది. మనుషులైతే రోడ్డెక్కగలరు. బోర్లు లాగేకొద్దీ వాగుల్లో మడుగులు ముందుగా ఇంకిపోతాయి. ఎండాకాలంలో మిగతా అడవి ఆకు రాల్చినప్పుడు కోతులు, పక్షులు చేరేది వాగు ఒడ్డు పచ్చచెట్ల దగ్గరికే. బోరు పడుతుందని బ్రోకరు చెప్పే మాట కాగితం కాదు. స్థానిక నీటి సంఘం మీ స్థలం పేరున ఇచ్చే లేఖ కావాలి.

చిన్న విషయాలు కొన్ని. ఎలుక మందు పెట్టొద్దు, ఆ ఎలుకను తిన్న గుడ్లగూబా, ఆసెలాట్ అనే అడవి పిల్లీ చస్తాయి. కుక్కను రాత్రి వదలొద్దు. కోతులకు అరటిపండ్లు పెట్టి ఫొటోలు దిగే అతిథులను ఆపండి. వ్యూ కోసం పెట్టే పెద్ద అద్దాల్లో అడవి ప్రతిబింబిస్తుంది, పక్షులు అదే అడవనుకుని గుద్దుకుంటాయి. గద్ద బొమ్మ స్టిక్కరు ఒక్కటి అంటిస్తే సరిపోదు. అద్దం బయటి వైపు, ఐదు సెంటీమీటర్ల ఎడంతో చుక్కలు మొత్తం నింపాలి.

కొనాలనే నిశ్చయించుకుంటే, చెట్లున్న స్థలం కన్నా పాత మేతబీడు కొనండి. అదీ నిజంగా పాతదో, నిన్న మొన్న సొకొలా చేసిందో ఉపగ్రహ చిత్రాల్లో పదిహేనేళ్లు వెనక్కి వెళ్లి చూడండి. మూడొంతుల బీడును వదిలేస్తే పక్కన అడవి ఉన్నచోట చెట్లు వాటంతటవే వస్తాయి, పశువులు రాకుండా చూసుకుంటే చాలు. ఒప్పందం రాసుకునేటప్పుడు మూడు కాగితాలు జతచేయమనండి: వాగు, ఊటల హద్దులు గీసిన సర్వే ప్లాను, స్థలంలో చట్టప్రకారం అడవి ఎంతుందో లైసెన్సున్న అటవీ నిపుణుడు సంతకం పెట్టిన నివేదిక, నీటి లేఖ. అమ్మేవాడు అవి రిజిస్ట్రేషన్ నాటికి తెస్తానంటే, అడ్వాన్సు కూడా ఆ నాటికే ఇస్తామనండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
హ్యూస్టన్